మిర్గంలో వడదెబ్బ

మా అత్తమ్మ పోయింది. వడదెబ్బతో పోయింది. ఈ మాట ఫోనులో చెప్పినప్పుడల్లా అవతలివాళ్ళు ఒకటే అడిగారు. "మిర్గం వచ్చినంక వడదెబ్బ ఏంది?" మృగశిర కార్తె వస్తే ఎండలు తగ్గాలి కదా, నాకూ అదే అర్థం కావడం లేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా వేరే ఎవరి సంగతో రాస్తున్నట్టుంది.

మేముండేది రాయ్‌పుర్ పక్కన మందిర్ హసౌద్‌లో. మా ఆయన భన్‌పురిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మామయ్య రైల్వే ఉద్యోగం మీద కరీంనగర్ వైపు నుంచి ఇటు వచ్చారట. ఆయన పోయాక కూడా అత్తమ్మ ఇక్కడే ఉండిపోయి, దగ్గర్లో కొంత పొలం కౌలుకు తీసుకుని వరి వేసేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు హిందీ రాదు. సిగ్గుతో గడప దాటేదాన్ని కాదు. "మాట రాకుంటే చేయి చూపియ్యి బిడ్డా, చేతికి భాష ఎందుకే?" అని అత్తమ్మ నన్ను కూరగాయల బండి దగ్గరికి తోసేది.

ఆ ఏడు తొలి వానకు పొలం గట్టు మీద మఖమల్ గుడ్డ ముక్కల్లా ఎర్రటి పురుగులు కనిపించాయి. అత్తమ్మ ఒకదాన్ని తీసి నా అరచేతిలో పెట్టి, "ఆరుద్ర పురుగు" అంది. మాతో వచ్చిన పక్కింటామె ఛత్తీస్‌గఢ్ మనిషి. "రానీ కీడా" అంది ఆమె.

"వాళ్ళకు రాణి అట. నాకైతే మా కొత్త కోడలు లెక్కనే ఉన్నది. ఎర్ర చీరె జూడు, ముట్టుకుంటే ముడుచుకునుడు జూడు" అంది అత్తమ్మ. అదే మాట పక్కింటామెకు హిందీలో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. నేను నిజంగానే ముడుచుకున్నాను. ఆ పురుగులు మా గట్టు మీద కనబడి చాలా ఏళ్ళయింది.

ఎండ విషయంలో అత్తమ్మ చాలా జాగ్రత్త మనిషి. ఇక్కడివాళ్ళను చూసి, వడగాలి తగలకుండా ఎండాకాలమంతా కొంగున ఉల్లిగడ్డ కట్టుకునేది. పనిలో వంగినప్పుడల్లా అది మోకాలికి కొట్టుకునేది. తలకు తడి తువ్వాల చుట్టుకునేది. పొద్దెక్కకముందే ఇంటికి వచ్చేసేది. కానీ ఆ జాగ్రత్తకు ఒక ఆఖరి రోజు ఉండేది. మృగశిర కార్తె వచ్చే రోజు, మేము మిర్గం అంటాం. ఆ రోజు ఇంగువ, బెల్లం కలిపి ఉండలు చేసి అందరి నోట్లో పెట్టేది. కొంగు ముడి విప్పి ఉల్లిగడ్డ పారేసేది. తువ్వాల ఉతికి పెట్టెలో దాచేది. ఆమె లెక్కలో ఎండాకాలం అయిపోయినట్టే.

ఈమధ్య అది అయిపోవడం లేదు. నిరుడు మిర్గం నాడు పోసిన నారు మాడిపోతే మళ్ళీ పోశాం. అంతకుముందు ఏడు ఎండాకాలం నడుమ వడగళ్ళు పడి బీరపాదులు చీలికలైపోయాయి. "ఇంక మిర్గాన్ని నమ్మకే అమ్మా" అన్నాడు మా ఆయన.

"చుట్టం ఆలస్యంగ వస్తే తలుపు పెట్టుకుంటమారా?" అంది అత్తమ్మ.

ఈసారి మిర్గం నాడు ఆకాశంలో మబ్బు తునక లేదు. నా నోట్లో ఇంగువ ఉండ పెట్టి, కొంగు ముడి విప్పేసి, విత్తనాల సంచి పట్టుకుని బయలుదేరింది. పక్కింటామె గుమ్మంలోంచే ఆపబోయింది. "దాయీ, ఘామ్ అబ్బడ్ హే, ఝన్ జా." అమ్మా, ఎండ బాగా ఉంది, పోవద్దు అని.

"నౌతపా గయా, మిర్గం భీ ఆ గయా" అంది అత్తమ్మ. నౌతపా అంటే ఇక్కడివాళ్ళ మండుటెండల రోజులు; అవి పోయాయి, మిర్గం కూడా వచ్చేసింది అని. తర్వాత నా వైపు తిరిగి, "ఇంక ఎండకు ఈడ ఏం పనే?" అని నవ్వుతూ వెళ్ళింది.

అన్నం వేళకు రాలేదు. నేను వెళ్ళేసరికి నారుమడి పక్కన కూలబడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు.

"మిర్గం గదనే... ఇట్లెట్లయితది బిడ్డా?" అంది.

ఆ గొంతులో భయం లేదు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి మొదటిసారి అబద్ధమాడితే ఎంత విస్తుపోతామో, అంత విస్తుపోయింది. దారిలో వెళ్ళేవాళ్ళను గట్టిగా కేకేసి పిలిచాను. పరాయివాళ్ళ ముందు నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు. ఆసుపత్రికి చేర్చాం కానీ ఆమె మళ్ళీ మాట్లాడలేదు. సాయంత్రానికి లేదు.

ఈ ఊళ్ళో బజారు, పొలం, పక్కవాళ్ళతో మాట, అన్నీ ఆమె చేయి పట్టుకునే నేర్చుకున్నాను. ఆమెకు తెలిసిన ఎండావానలే మారిపోతాయని మాత్రం ఆమెకు ఎవరు నేర్పాలి?

మూడో రోజు ఆమె పేరున పిట్టకు పెట్టాం. విస్తరిలో అన్నం, వంకాయ కూర, ఆమెకు ఇష్టమైన చింతకాయ తొక్కు, పక్కన ముంతలో నీళ్ళు. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తి పడినట్టు. ఎంతసేపైనా ఒక్క కాకీ రాలేదు. ఏం కోరిక మిగిలిందో అని వచ్చినవాళ్ళు గుసగుసలాడారు. మా ఆయన చేతులు జోడించి, "నారు మళ్ళ పోస్తనే అమ్మా" అన్నాడు.

చివరికి ఒక కాకి ప్రహరీ మీద వాలింది. ముక్కు తెరిచి రొప్పుతోంది. రెక్కలు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుంది. కిందికి దిగి, అన్నం వైపు చూడనైనా చూడకుండా, ముంత అంచు ఎక్కి లోపలికి తల దూర్చింది. తాగింది. తల ఎత్తి, మళ్ళీ దూర్చింది. మేమంతా ఎండలో అలాగే నిలబడి చూశాం.