మస్తాన్ మామ పాడుచేసిన కలర్ రీలు

సాంబ్రాణి పొగ ముక్కుకు తగిలితే ఎవరికైనా దేవుడు గుర్తొస్తాడు. నాకు మస్తాన్ మామ గుర్తొస్తాడు. వెంటనే కోపం వస్తుంది. ప్రొద్దుటూరులో ఆయన స్టూడియోలోనే నేను కెమెరా పట్టడం నేర్చుకున్నాను. నేర్పిన మాట నిజం. నలుగురిలో నా పరువు తీసిన మాటా నిజమే.

పెళ్లిళ్లకు కలర్ రీలు ఎక్కించేవాడు, ఆ పనులకు తన అల్లుణ్ణి పంపేవాడు. పీర్ల పండగకైనా తేరుకైనా నలుపు తెలుపే, అవి నాకు. "ఏంది మామా, కలర్ మీ ఇంటోళ్లకేనా?" అని ఒకసారి అడిగేశాను.

"నలుపు తెలుపు మన గదిలోనే కడుగుతాం. కలర్ కడపకు పోతాది. ఆడ ఎవురు సూస్తారో నీకు తెలుసునా?" అన్నాడు. నేను నమ్మలేదు. అల్లుడికి పోటీ వస్తానని భయమనుకున్నాను.

ఆ పంతంతోనే చాపాడు పక్క పల్లెలో పీర్ల పండగకు సొంతంగా కలర్ రీలు కొని ఎక్కించాను. మామ తన పాత కెమెరాతో వచ్చాడు. మా పెద్దమ్మ కొడుకు ఓబులేసు మొక్కుబడి కొద్దీ అక్కడ ఏటా పీరు ఎత్తేవాడు. ఆ పల్లె ఒక వర్గానిది, ఓబులేసు ఊరు రెండో వర్గానిది. పీరు ఎత్తేవాడికి ఊరివాళ్లు కండువా కప్పడం ఆచారం. ఆసారి కప్పింది వాళ్ల పార్టీ కండువా. పీరు ముందు వద్దనలేక తలవంచాడు. సాంబ్రాణి పొగలో, సాయంత్రపు ఎండలో ఆ రంగు ఎంత బాగుందో! వరసగా తీశాను.

మరునాడు ఓబులేసు ఊరి నాయకుడి మనిషి స్టూడియోకు వచ్చాడు. "మావోడు వాళ్ల కండువా కప్పుకున్యాడంట. పండగ పోటోలు సూపియ్యప్పా."

ఆ రోజుల్లో అలాంటి అనుమానం చాలు, మనిషి పొలం నుంచి ఇంటికి రాకపోవడానికి. మామ నా మెడలోని కెమెరా తీసుకుని చీకటి గదిలోకి వెళ్లాడు. కాసేపటికి రీలును పేగులా వేలాడేసుకుంటూ బయటికి వచ్చాడు. "మూత గూడా సరిగా ఎయ్యలేడు ఎదవ! ఎలుతురు సోకి అంతా పాయ."

నేను మూత వేశాను. ఇప్పటికీ అదే చెబుతాను.

తర్వాత తను తీసిన నలుపు తెలుపు ఫోటో అతని చేతిలో పెట్టాడు. ఏ పార్టీ కండువా అయినా అందులో ఒకటే.

"ఇదేం రంగప్పా?" అన్నాడతను.

"నీకెట్ల కనపడితే అట్ల. నాకైతే బూడిద."

అతను దాన్ని తిప్పి తిప్పి చూసి, బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

ఓబులేసు ఇవాళ్టికీ సేద్యం చేసుకుంటున్నాడు. నాకు మాత్రం 'మూతెయ్యనోడు' అన్న పేరు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా అంటుకుంది. ఎవరూ లేనప్పుడు మామను ఎన్నిసార్లు నిలదీసినా, "నువ్వు మూతెయ్యలే, అంతే" అనేవాడు. ఓబులేసు కోసం చేశాడా, అల్లుడికి పోటీ లేకుండా చేసుకున్నాడా? చెప్పకుండానే పోయాడు.

ఇప్పుడు నాకూ స్టూడియో ఉంది. పండగకు పిలిస్తే దేవుడి కంటే ముందు మెడల్లో కండువాలు చూస్తాను. తేడా కనిపిస్తే నలుపు తెలుపుకు మారతాను. "ఈ కాలంలో కలర్ లేకుంటే ఎట్లన్నా?" అని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు గొణుగుతారు. కారణం చెప్పను. నాకెవరు చెప్పారు?