ఇంటికి ధర చెప్పమంటే

నల్లగా ఎండిన నిమ్మకాయను చితక్కొట్టగానే లేచే పుల్లటి వాసన ఈ మధ్య నన్ను పనిచేసుకోనివ్వడం లేదు. జాబ్రియాలో నేను వంట చేసే అరబ్బుల ఇంట్లో చేపల పులుసుకు ఆ కాయ ఉండాల్సిందే. దాన్ని ఎంతవరకు చితక్కొట్టాలో నేర్పింది మాబున్నక్క. పన్నెండేళ్ల కిందట నేను ఈ వంటింట్లో అడుగుపెట్టినప్పుడు ఇక్కడ పెద్ద వంటమనిషి ఆమే. మా ఇద్దరిదీ రాయచోటే. ఆమె పోయి మూడేళ్లవుతోంది. ఊళ్లో నా ఇంటికి ధర చెప్పమని ఇప్పుడు అందరూ నా ప్రాణం తీస్తున్నారు. ఆమె ఉంటే అడిగేదాన్ని.

నేను కొన్నప్పుడు ఆ కాలనీ నిండా కంపచెట్లే. ఇప్పుడు పక్కనే బైపాస్ రోడ్డు, ఇంగ్లీషు మీడియం బడి, కళ్యాణ మండపం. బ్రోకరు ఒక ధర అంటాడు, తమ్ముడు ఇంకోటి అంటాడు, పక్కింటాయన ఏడాది ఆగమంటాడు. మంచి ధర వస్తే చిన్న ఇల్లు చూసుకుని, బస్టాండు దగ్గర టిఫిన్ కొట్టు పెట్టుకుని అక్కడే ఉండిపోతాను. రాకపోతే ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, ఇంకో రెండేళ్లు పొడిగించుకోవాలి. ఏ సంగతో శుక్రవారంలోగా చెప్పమంది మామా, అదే ఈ ఇంటి యజమానురాలు. తక్కువ చెబితే నా కష్టమంతా నీళ్లపాలు, ఎక్కువ చెబితే వచ్చినవాడు వెళ్లిపోతాడు. నాకేమీ పాలుపోవడం లేదు.

ఒకసారి డ్రైవరు మా ఇద్దరినీ షర్క్ చేపల మార్కెట్టుకు తీసుకెళ్లాడు. నేను బుట్ట దగ్గర ఆగీ ఆగకముందే ధర అడిగేశాను. అక్క నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

“ధర అప్పుడే అడగాకు మే. ముందు నీకు కావల్నా వద్దా తేల్చుకో.”

ఇంత తెలివైన మనిషి, తన ఇంటి విషయంలో మాత్రం వట్టి మొండిఘటం. ఆమె ఇల్లూ మా వీధి చివరే. స్థలం ఎంత, రోడ్డు ఎంత దూరం అన్నవి ఆమెకు పట్టేవి కావు. “పద్దెనిమిదేండ్లు ఈడ పొయ్యి ముందర నిలబడినా. ఏండ్లకు ధర కట్టద్దా?” అనేది. ఊరు పెరిగి, ఆ ధర ఇచ్చేవాడు వచ్చేసరికి ఆమె ఇంకో రెండేళ్లు పనిచేసి ఉండేది. ఆ రెండేళ్లూ కలిపి మళ్లీ పైకి చెప్పేది. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు నేనూ అదే లెక్క వేస్తున్నాను, సిగ్గుగా ఉంది.

చివరికి మోకాళ్లు మొరాయించి, ఇల్లు అమ్ముడుపోకుండానే ఆమె ఊరికి వెళ్లిపోయింది. నెల తర్వాత ఫోన్ చేసింది.

“రాత్రి మా రేకుల మీద వాన పడింది మే. ఆ సద్దు ఎట్లుంటాదో నాకు తెలీనే తెలీదు.”

“ఇల్లు ఎంతకు చెప్పినావక్కా?”

“ఎవరన్నా అడిగితే తెలీదంటాండా. ఉండి చూడని ఇంటికి ధర ఎట్ల చెప్తా? నువ్వెన్నాళ్లున్యావు నీ ఇంట్లో?”

నేను మాట మార్చాను. ఏడాది తిరగకముందే ఆమె ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

శుక్రవారం తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, కొనేటోళ్లు ఈడనే కూర్చోనుండారు. ఎంత చెప్పమంటావు?”

అంకె నోటిదాకా వచ్చింది. పన్నెండేళ్లలో నాకు దొరికిన సెలవులన్నీ కలిపినా నేను ఊళ్లో నాలుగు నెలలు లేను. వాటిలోనూ సగం చుట్టాల ఇళ్లలోనే గడిచాయి.

“తెలీదురా,” అన్నాను. “వచ్చి ఉండి చెప్తా.”

తమ్ముడు గట్టిగా కసురుకున్నాడు. నేను మామా దగ్గరికి వెళ్లి, ఇఖామా పొడిగించొద్దు, ఖలాస్ అని చెప్పాను. కొట్టు ఎలా పెడతానో తెలియదు. నా ఇంట్లో ఎన్నాళ్లున్నానని అక్క అడిగింది ఇల్లు అమ్ముకోమనా, ఉంచుకోమనా? అదీ ఇప్పటికీ తేలలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. సాయంత్రం తమ్ముడికి మళ్లీ ఫోన్ చేసి, నేను దిగేసరికి ఇన్నాళ్లూ వాడి దగ్గరే ఉన్న ఇంటి తాళంచెవి తెచ్చి నా చేతికివ్వమన్నాను. పన్నెండేళ్లలో దాన్ని అడగడం అదే మొదటిసారి.