నాలుగో అంతస్తులో మా ఆవిడ మంచం

పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి ఒక మాటిచ్చాను. మనిద్దరికీ అంటూ ఒక గది, దానికి లోపల గడియ, నాలుగు రోజులకైనా సరే చూపిస్తానని. పద్దెనిమిదేళ్ళు గడిచినా ఆ గది రాలేదు. అనకాపల్లిలో మా ఇంటికి రెండు గదులూ ఒక హాలూ. ఒక గది అమ్మానాన్నలది, ఇంకోటి పెద్దన్నయ్యా వదినలది. మేమూ, మా ఇద్దరు పిల్లలూ, చదువుకోడానికి ఎస్. రాయవరం నుంచి వచ్చిన మా మేనకోడలూ హాల్లోనే చాపలు పరుచుకునేవాళ్ళం. ఇప్పుడా ఇల్లు లేదు. ఆ స్థలంలో కట్టిన అపార్ట్‌మెంట్‌లో మాకో గది ఉంది, గడియా ఉంది. అయినా గది అనగానే నాకు గుర్తొచ్చేది సింగపూరే.

రెండు వేల సంవత్సరం దాటిన ఐదారేళ్ళకి జరిగిన సంగతి. పిల్లల్ని అమ్మకి అప్పగించి, వేసవి సెలవుల్లో నాలుగు రోజులు సింగపూరు వెళ్దామని తేల్చేశాను. అప్పట్లో నేను లెక్కల మాస్టారిని. కోపం ముక్కు మీదే ఉండేది, ఒకరిని సలహా అడిగే అలవాటు బొత్తిగా లేదు. స్టేషను దగ్గరున్న ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఉన్నవాటిలో చవకైన ప్రయాణికుల హాస్టలు ఒకటి చూశాను. మగవాళ్ళకి ఎన్ని పడకలు, ఆడవాళ్ళకి ఎన్ని పడకలు అని అడిగింది కంప్యూటరు. మా చర్చి సభలకి ఏ ఊరెళ్ళినా ఇదే వరస. వంటవాళ్ళ లెక్క కోసం పురుషులెందరు, స్త్రీలెందరు అని రాయించుకుని, తర్వాత సభ జరిగే బడిలో కుటుంబానికో క్లాసురూము ఇస్తారు. కోటవురట్ల సభలకైతే ఆ ఫారాలు నింపింది నేనే. అదే చేత్తో ఇక్కడా మగ ఒకటి, ఆడ ఒకటి అని కొట్టేశాను.

తీరా అక్కడికెళ్తే కౌంటర్లో అమ్మాయి రెండు తాళాలు చేతిలో పెట్టింది. నాది రెండో అంతస్తు, మా ఆవిడది నాలుగో అంతస్తు. ఆడవాళ్ళ అంతస్తులోకి మగాళ్ళు అడుగు పెట్టకూడదట.

"ఏటండీ, మనం ఏరేరుగా ఉండాలా?" అంది మా ఆవిడ.

"నువ్వుండవే, నేను మాట్లాడతాను కదా!"

మాట్లాడలేదు, అరిచాను. ఆ పిల్ల ఒక్క మాట తూలకుండా కంప్యూటరు నా వైపు తిప్పింది. అందులో ఉన్నది నేను కొట్టిందే. విడి గదులన్నీ నిండిపోయాయని, ఖాళీ అయితే చెప్తానని అంది. కుక్కిన పేనులా మెట్లెక్కాను.

ఇంటర్నెట్ ఫోటోలో చూపించిన కిటికీ ఉంది గానీ, తెరిస్తే పక్కింటి గోడ. ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. నాది పైది. ఏసీ నీళ్ళు కాళ్ళ మీద కారుతున్నాయి, గదంతా తడిబూట్ల కంపు. పొద్దున్నే రెండు బ్రెడ్డు ముక్కలు పెట్టి టిఫిను అన్నారు. ఇంట్లో మా చిన్నాడు నిద్రలో నా మీద కాళ్ళు వేస్తే విసుక్కునేవాణ్ణి. ఆ మంచం మీద పడుకుని ఆ కాళ్ళనే తలుచుకున్నాను. ఛీ, ఇదేం బతుకు అనిపించింది.

రెండు రోజులూ ఊరంతా తిరిగాం. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు, అదే నన్ను మరీ పొడిచింది. ఇచ్చిన మాట చెడగొట్టుకున్నానని కౌంటరు దగ్గర పూటకోసారి నిలబడి ఆ పిల్ల ప్రాణం తీశాను. మూడో రోజు మధ్యాహ్నం ఒక గది ఖాళీ అయింది. తాళం పట్టుకుని మెట్ల మీద పరుగెత్తి, నాలుగో అంతస్తుకి నాలుగు మెట్ల కింద నుంచే కేకేశాను.

"దొరికిందే, గది! సామాను సర్దు!"

మా ఆవిడ మెట్ల దాకా వచ్చి తాళం వంక చూసింది. కదల్లేదు.

"మరోలా అనుకోకండేం. నేనిక్కడే ఉంటానండీ."

"ఏటే, ఏటైంది నీకు?"

"ఈ రెండు పొద్దులూ నన్నెవులూ లేపనేదు. పెళ్ళైన కాడ్నించీ నాలుగింటికి లెగడవే కదా. మీతో గదిలో ఉన్నా మీ కన్నా ముందే లెగిసిపోతాను, టీ ఎక్కడ దొరుకుద్దో సూత్తాను. పైన నేనెవులికీ ఏటీ కాను. ఈ ఒక్క పొద్దూ పడుకోనీండి."

నిజం చెప్పొద్దూ, ఒళ్ళు మండిపోయింది. ఇంత గొడవపడి తెచ్చిన తాళం! కానీ మా ఆవిడ ఎన్నడూ ఏదీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు అడిగి, నేను తిడతానేమోనని చూస్తోంది. ఆ చూపుకి నా కోపం నా మీదకే తిరిగింది. గది కావాలా అని ఇన్నేళ్ళలో నేను ఆవిడని ఒక్కసారీ అడగలేదు. నాకు కావాలి కాబట్టి ఆవిడకీ కావాలనుకున్నాను. కిందకెళ్ళి తాళం వెనక్కిచ్చేశాను. కౌంటరు పిల్ల నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

మర్నాడు పొద్దున్న కౌంటరు ఎదురుగా కూర్చున్నాను. ఏడయింది, ఎనిమిదయింది. పైకి కబురు పంపమంటారా అని అడిగిందా పిల్ల. వద్దు, లేపొద్దన్నాను. అందరూ వాడుకునే వంటగదిలోకెళ్ళి, జన్మలో మొదటిసారి టీ పెట్టాను. చల్లారిపోతే పారబోసి మళ్ళీ పెట్టాను.

తొమ్మిదిన్నర దాటాక దిగింది. జడ ఊడిపోయి, కళ్ళు ఉబ్బి, చెంప మీద దిండు గీతలతో.

"ఇంత పొద్దెక్కిపోనాది, లేపించొచ్చు కదండీ," అంది సిగ్గుపడుతూ.

టీ కప్పు చేతికిచ్చాను. పద్దెనిమిదేళ్ళ కాపురంలో మా ఆవిడ నిద్రముఖం చూడటం అదే మొదటిసారి.