విరిగిన కొమ్ము

పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో బొమ్మలు గీసుకుంటూ సూర్యాపేట పల్లెల్లో తిరిగాను. మునగాల దారిలో దున్నుతున్న ఒక రైతును, అతని ఎద్దులను గీస్తుంటే, అరక ఆపి నా దగ్గరికొచ్చాడు.

“నా మొకం తీసెయ్యి అయ్యా. మా తమ్మునిది గూడ గిదే మొకం. వాడు దళంల కలిసిండని మిల్ట్రోళ్లు వాని కోసం దేవులాడుతున్నరు.”

రబ్బరుతో చెరిపేశాను. అయినా కదల్లేదు. బొమ్మలో ఒక ఎద్దుకున్న విరిగిన కొమ్ము మీద వేలు పెట్టాడు.

“గీ ఎద్దును సూస్తే సాలు, ఏ ఊరోళ్లైనా మా ఇల్లు సూపెడ్తరు.”

ఆ కొమ్మును నిండుగా గీసేశాను.

తిరిగెళ్తుంటే కోదాడ దగ్గర మా బస్సు ఆపి సోదా చేసిన పోలీసు ఆ కాగితం దగ్గరే ఆగాడు. “వీడికి మొహమేదీ?” అన్నాడు.

“నాకు మనుషులు రారండీ, ఎద్దులే వచ్చు.”

అతను చాలాసేపు కొమ్ముల వైపే చూశాడు. చివరికి, “జత బాగా కుదిరింది” అని కాగితం ఇచ్చేశాడు.