నాట్ల పాటలో ఓటీపీ

నిరుడు కాటారం దగ్గరి మా ఊళ్లో సైబర్ మోసాల మీద వారం రోజులు ప్రచారం చేశారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మైకులో చెప్పింది నేనే. వారం ముగిసింది, నేనూ మర్చిపోయాను.

ఈ ఏడు నాట్లనాడు మా పొలం గట్టు మీద నిలబడ్డాను. మడి నీళ్లలో మబ్బులు తేలుతుంటే, ఆడవాళ్లు ఆకాశంలోనే నారు నాటుతున్నట్టుంది. ఫోన్ మోగింది. బ్యాంకు నుంచి అంటూ తీయని గొంతు. కలలో ఉన్నట్టే, ఆరంకెల ఓటీపీలో మూడంకెలు చెప్పేశాను.

అంతలో మడిలోంచి పాట వచ్చింది: "నంబరడిగెటోడు ఉయ్యాలో, నమ్మదగ్గోడు గాదు ఉయ్యాలో!"

ఫోన్ కట్ చేసి, "గీ పాటెక్కడిది అవ్వా?" అని ముందు పాడుతున్న లచ్చవ్వను అడిగాను.

"నువ్వు మైకుల చెప్పిందే బిడ్డా. మర్సిపోతమని పాట గట్టుకున్నం."

సిగ్గుతో చెప్పులు విడిచి మడిలోకి దిగాను. తర్వాతి చరణానికి వెనక పలికింది నేనే.