ఎండలో చూపించే రంగు

నరసరావుపేటలో మాకు బట్టలమ్మిన సాయిబుగారు ఏ గుడ్డనూ ట్యూబులైటు కింద అమ్మేవారు కాదు. గుడ్డ తానును గుమ్మం దాటించి ఎండలో పరిచేవారు. "ఇదీ అసలు రంగు. నచ్చకపోతే మానెయ్యమ్మా" అనేవారు. మానేసినవాళ్ళు తక్కువేమీ కాదు.

ఆ కొట్టు గదిని ఓనరు ఆన్‌లైన్ పార్శిళ్ళవాళ్ళకు అద్దెకిచ్చాడు. సాయిబుగారు ఖాళీ చేసే రోజున వెళ్ళి, మిగిలిపోయిన నీలం చొక్కాగుడ్డ ఇమ్మన్నాను. ఆయన దాన్ని ఎండలోకి తెచ్చి మడత విప్పారు.

"వెలిసిపోయింది. వద్దు బాబూ."

"పర్లేదు బాబాయ్, కొయ్యండి."

"నీకు పర్లేదులే! కొట్టు మూసే రోజున నాతో పాతగుడ్డ అమ్మిస్తావా ఏంది?"

ఆ గుడ్డను చంకలో పెట్టుకుని ఆయన ఇంటికి నడిచారు. నా ఒంటిమీది రెడీమేడ్ చొక్కా ఎక్కడ కొన్నావని మాత్రం అడగలేదు. చానా మర్యాదస్తుడు.