అత్తగారు అడిగిన అర్థాలు

మొన్న మధ్యాహ్నం మా కింద ఫ్లాటులో ఉండే ఆవిడ ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చారు. స్కానింగు రిపోర్టు ఫోనుకే పంపారట, అందులో ‘బినైన్’ అన్న మాట చూసి, దాని కోసం వెతికి ఇంకేవేవో చదివి, పొద్దుటి నుంచీ అన్నం ముట్టలేదట. క్యాన్సరు కాని గడ్డని అర్థమండీ అని చెప్పేసరికి అక్కడే సోఫాలో కూలబడి ఏడ్చేశారు. ఆవిడ వెళ్ళాక నాకు మా అత్తగారు, తణుకులో మా పెంకుటింటి వసారా జ్ఞాపకం వచ్చాయి.

అప్పటికి నేను ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం టీచరుగా చేరి కొద్దికాలమే అయింది. రాజమండ్రి నుంచి వెలువడే ఒక చిన్న వారపత్రికలో మావారి స్నేహితుడు పనిచేసేవారు. డాక్టర్లు వాడే మాటలకు మామూలు జనానికి తెలిసేలా అర్థాలు చెబుతూ వారం వారం ఒక పేజీ రాయమని ఆయన అడిగితే, పత్రికలో పేరు పడుతుందన్న సరదా కొద్దీ ఒప్పేసుకున్నాను. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో డాక్టరు గారికి ఎదురు ప్రశ్న వేయడం మర్యాద కాదనుకునేవాళ్ళం. ఆయన ఇంగ్లీషులో ఏదో అంటే తలూపి బయటికొచ్చి, కాంపౌండరు గారిని మెల్లగా అడిగేవాళ్ళం.

సెలవు రోజు భోజనాలయ్యాక, రాసినదాన్ని అత్తగారికి చదివి వినిపించేదాన్ని. ఆవిడ పెనుగొండ దగ్గర రైతుల ఇంటి ఆడపడుచు, పెద్దగా చదువుకోలేదు. చింతపండులో పిక్కలు తీస్తూ వినేవారు. రక్తహీనత అని చదివితే, ఒంటికి రక్తం పట్టలేదని రాయి, అందరికీ తెలుస్తుంది అనేవారు.

ఒక వారం కణితుల గురించి రాశాను. పుస్తకాలు తిరగేసి ‘అర్బుదం’ అన్న మాట పట్టుకొచ్చి, కాస్త గర్వంగానే చదవడం మొదలుపెట్టాను.

“అర్బుదం ఏంటమ్మాయ్, మంత్రం చదివినట్టు! గడ్డ అని రాయి” అన్నారు అత్తగారు.

నవ్వుకుని, మార్చి మళ్ళీ చదివాను. గడ్డలన్నీ క్యాన్సరు కావని, అయితే రొమ్ములో గట్టిగా ఏదైనా చేతికి తగిలితే, నొప్పి లేకపోయినా వెంటనే చూపించుకోవాలని అందులో ఉంది.

“నొప్పి లేకపోయినానా?”

“అవునండీ అత్తయ్యగారూ. నొప్పి పెట్టేదే చెడ్డదనుకుంటారు గానీ, కాదండీ.”

“మరి అలాంటి చోట వస్తే ఆడమనిషి ఎవరికని చూపించుకుంటుంది?”

పత్రిక చదివేవాళ్ళ తరఫున అడుగుతున్నారనుకుని, ఆడ డాక్టర్లు ఉంటారు కదండీ అంటూ తలెత్తాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వీధి వైపు చూస్తున్నారు. చింతపండు పళ్ళెంలో అలాగే ఉంది. ఎందుకడిగారని నేను అడిగాక, పమిట సర్దుకుంటూ అన్నారు.

“నాకుందమ్మాయ్. దాళ్వా కోతలప్పటి నుంచీ. అబ్బాయికి చెప్పుకునే మాటా ఇది?”

దాళ్వా, అంటే రెండో పంట, కోతలై అప్పటికి కొన్ని నెలలైంది. మావారికి నేనే చెప్పాను. మర్నాడే ముగ్గురం బస్సెక్కి రాజమండ్రిలో ఒక డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాం. పరీక్షలో క్యాన్సరేనని తేలింది. ముదరకముందే వచ్చారని ఆవిడ ధైర్యం చెప్పారు. విశాఖపట్నంలో ఆపరేషను అయింది. దానికి నోరెత్తని మనిషి, తరవాత కరెంటు పెట్టాలని ఆసుపత్రిలో ఎవరో అన్న మాట విని వణికిపోయారు. రేడియేషనుకు జనం పెట్టుకున్న పేరది.

“కరెంటు పెడితే మనిషి బతుకుద్దా?” అని నా చెయ్యి వదల్లేదు.

బయట బల్ల మీద కూర్చోబెట్టి, అది తీగల్లో కరెంటు కాదని, ఎక్సురే ఫొటో తీసేలాంటి కిరణాలే ఇంకా బలంగా ఉంటాయని, అవి పడుతున్నప్పుడు నొప్పి తెలియదని చెప్పాను. ఆలోచించి, “ఎక్సురేకి పెద్దన్నగారన్నమాట” అని లేచి లోపలికి వెళ్ళారు. ఆ తరవాత ఒకరోజు ఆసుపత్రిలో నేను మందుల చీటీ తీసుకుని వస్తుంటే, అంతర్వేది వైపు నుంచి కరెంటు కోసమే వచ్చిన చేపలమ్మే ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, అత్తగారు అదే మాట ఆవిడకు చెబుతున్నారు. ఆ వారం పేజీలో నేను వేరేగా ఏమీ రాయలేదు, అత్తగారి మాటలే దాదాపు అలాగే దించేశాను.

ఆవిడ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికారు. మనవరాలి పెళ్ళికి వద్దన్నా వినకుండా అప్పడాలు వత్తారు. చివరికి పోయింది కూడా ఆ జబ్బుతో కాదు, పెద్దతనం వల్లే.

పత్రిక ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఎంత పెద్ద మాటకైనా ఫోనులో క్షణంలో అర్థం దొరుకుతోంది, దొరకాలి కూడా. అప్పట్లో తెలియక ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళను తలుచుకుంటే ఆ మాట కాదనలేను. కానీ మా అత్తగారు ఫోనులో వెతుక్కునే మనిషి కాదు, అప్పట్లో ఫోను చేతిలో ఉన్నా గడ్డ సంగతి ఎవరికీ చెప్పుకునేవారు కాదు. ఎన్నో మధ్యాహ్నాలు ఊరికే పక్కపక్కన కూర్చోగా కూర్చోగా ఒకరోజు ఆవిడ నోటి వెంట ఆ మాట వచ్చింది. ఇప్పుడు ఎవరి గది వాళ్ళది, ఎవరి రిపోర్టు వాళ్ళ ఫోనులోనే ఉంటుంది. అలా తీరిగ్గా పక్కన కూర్చునే మధ్యాహ్నాలు ఏ ఇంట్లో మిగిలాయో నాకు తెలియదు.